చీరను అడ్డంగా తిప్పితే కుర్తీ

కుట్టు నేర్చుకోవాలనుకున్నవాళ్ళు ముందు బట్టల షాపుకెళ్ళి రెండున్నర మీటర్లు కొనుక్కొస్తారు. నేనైతే వద్దంటాను. కొత్త బట్ట మీద కత్తెర పెట్టాలంటే చెయ్యి ఆడదు, పాడైపోతుందేమోనని టెన్షన్. బీరువా అడుగు అరలో కట్టకుండా పడున్న నూలు చీరలు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. జాకెట్టు ముక్క కాకుండా ఒక్కో చీర అయిదున్నర మీటర్లు. అందులో పెద్దవాళ్ళకు ఒక కుర్తీ, చిన్నపిల్లకు ఒక పరికిణి వచ్చినా ఇంకా ముక్క మిగులుతుంది. మా అత్తగారి మంగళగిరి చీరలన్నీ మా ఇంట్లో అలాగే కుర్తీలయ్యాయి. మా అమ్మాయి బెంగళూరులో ఆఫీసుకు అవే వేసుకెళ్తుంది.

నేను చెప్పేదల్లా ఒక్కటే. ఫోన్లో డిజైన్ చూసి దానికి సరిపడే బట్ట కోసం బీరువా వెతక్కండి. ముందు బట్టను బయటికి తీసి, అది ఏమి కాగలదో చూడండి. అంచు ఎంత వెడల్పుంది, ఎక్కడ నలిగింది, పన్నా (బట్ట అడ్డం వెడల్పు) ఎంత, ఇవి తెలిస్తే డిజైన్ సగం దానంతటదే తేలిపోతుంది.

చీరను చదవడం

మొట్టమొదట ఫాల్ విప్పేయండి. ఫాల్ కింద ఏళ్ళ తరబడి మట్టి పేరుకుని ఉంటుంది, అక్కడి అంచు రంగు కూడా మిగతాదానికంటే తేడాగా ఉండొచ్చు. తర్వాత ఉతికి, ఆరేసి, పగటి పూట కిటికీకి అడ్డంగా పట్టుకుని చూడండి. పల్చబడిన చోట వెలుతురు ఎక్కువగా కనిపిస్తుంది. అనుమానం వచ్చిన చోట రెండు బొటనవేళ్ళూ పక్కపక్కన పెట్టి గట్టిగా లాగండి. పోగులు జరిగినా, చిన్న చప్పుడొచ్చినా ఆ చోటు పనికిరాదు. దాని చుట్టూ చాక్‌తో గీత గీసేయండి.

కట్టిన చీర ఎక్కడ దెబ్బతింటుందో కాస్త ఆలోచిస్తే తెలిసిపోతుంది. కుచ్చిళ్ళ దగ్గర కింది అంచు నేలకు రాసుకుని అరిగి ఉంటుంది. ఎడమ భుజం మీదికొచ్చే చోట పిన్నుల చిల్లులుంటాయి. నడుం దగ్గర దోపుకునే చోట నలిగి ఉంటుంది. లోపలి చుట్టు మాత్రం ఎండ తగలక, రంగు పోక, దాదాపు కొత్తదానిలా ఉంటుంది. కుర్తీకి నేను ముందు చూసేది ఆ భాగాన్నే. పైట చెంగు అందంగా ఉందని అందరూ దాని వైపే చూస్తారు గానీ, పిన్నుల చిల్లులు ఎక్కువుండేది అక్కడే.

రంగు సంగతి. ఉప్పు నీళ్ళలో నానబెడితే రంగు దిగదని అంటారు. నాకు దానిమీద నమ్మకం తక్కువ. తడిపిన తెల్ల గుడ్డతో అంచు మీద గట్టిగా రుద్ది చూడండి. గుడ్డకు రంగు అంటుకుంటే ఆ అంచును లేత రంగు బట్ట పక్కన కుట్టకండి. లైనింగ్ వేసే పనైతే, కొత్త లైనింగ్ బట్టను కూడా ఒక రాత్రి నీళ్ళలో వేసి ఆరేయండి. పాత చీర ఎంత ముడుచుకోవాలో అంతా ఎప్పుడో ముడుచుకుపోయింది. కొత్త నూలు లైనింగ్ మొదటి ఉతుకులో ముడుచుకుంటే పైబట్ట సంచిలా వేలాడుతుంది.

నూలు చీర బాగా మెత్తబడి ఉంటే కత్తిరించే ముందు పల్చటి గంజి పెట్టి ఇస్త్రీ చేయండి. అన్నం వార్చిన గంజి అయినా చాలు, మెతుకులు లేకుండా వడగట్టాలి. గంజి పెట్టిన బట్ట బల్ల మీద జారదు, గీత సరిగ్గా పడుతుంది, మిషన్ కింద ముడతలు పడదు. వెంకటగిరి లాంటి సన్న నూలు చీరలకు ఇది తప్పనిసరి.

ఏ చీర దేనికి

మంగళగిరి నూలు మొదటి ప్రయత్నానికి మంచిది. ఒళ్ళంతా సాదాగా ఉంటుంది, నేత గట్టిగా ఉంటుంది, అంచు మాత్రం జరీ. బొమ్మలు కలపాల్సిన బాధ లేదు. పోచంపల్లి ఇక్కత్‌లో నేతకు ముందే నూలుకు రంగులద్దుతారు కాబట్టి రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. ఎడమా కుడీ తికమకపడి కత్తిరించినా ముక్కను తిప్పి వాడుకోవచ్చు. నేర్చుకునేవాళ్ళకు అంతకంటే ఏం కావాలి? పెడన కలంకారీలో అచ్చు ఒక వైపే బాగా పడుతుంది, చెట్లూ నెమళ్ళూ తలకిందులయ్యే ప్రమాదమూ ఉంది. అందుకని అది రెండో దఫాకు ఉంచుకోండి. నారాయణపేట గళ్ళ చీరలు చూడముచ్చటగా ఉంటాయి కానీ పక్క కుట్టు దగ్గర గళ్ళు కలవాలి. ఓపిక ఉంటేనే దానికి దిగండి.

గద్వాల చీరతో జాగ్రత్త. ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండూ వేర్వేరుగా ముడుచుకుంటాయి, అతుకు దగ్గర బట్ట ఉబ్బెత్తుగా లేస్తుంది. అలాంటి చీరను గోరువెచ్చటి ఇస్త్రీతో, పైన పల్చటి గుడ్డ వేసి, సాపు చేసుకున్నాకే కత్తిరించాలి.

పాత పట్టు చీరలు చాలామంది మోజుపడే బట్ట. నేను మాత్రం ముందు మడతలు చూస్తాను. ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉన్న పట్టు ఆ గీత వెంబడి చిట్లుతుంది. కుట్టేటప్పుడు బాగానే ఉంటుంది, వేసుకుని చెయ్యెత్తితే చీలుతుంది. మడత గీతలు ముక్క మధ్యలోకి రాకుండా కత్తిరించగలిగితేనే, అదీ మెత్తటి నూలు లైనింగ్‌తో, పట్టు జోలికి వెళ్ళండి. గుండుసూదులు పట్టు మీద గుర్తులు వదులుతాయి. వాటిని కుట్టు కోసం వదిలిన చోటే గుచ్చండి.

అడ్డంగా తిప్పడం

అసలు విషయం ఇక్కడుంది. చీర పొడవును కుర్తీ పొడవుగా అనుకుని కత్తిరిస్తే రెండంచులూ పక్క కుట్లలో కలిసిపోయి వృథా అవుతాయి. దాన్ని అడ్డంగా తిప్పండి. చీర పన్నా మామూలుగా 44 నుంచి 47 అంగుళాలు ఉంటుంది. అంటే ఆ పన్నాయే కుర్తీ పొడవు. కింది అంచు కుర్తీ అడుగున వస్తుంది, అక్కడ మడిచి కుట్టాల్సిన పనే లేదు, నేతలోనే అంచు మూసుకుని ఉంటుంది. పరికిణీ ఇలాగే కుడతాం కదా, కుర్తీకి మాత్రం చాలామందికి ఈ ఆలోచన తట్టదు. పై అంచు భుజాల దగ్గరికొస్తుంది, దాన్ని కత్తిరించి దాచుకోవాలి.

కుర్తీ ఒంటికి 50 అంగుళాలు, చేతులకు 18 అంగుళాలు, మొత్తం 68 అంగుళాల చీర చాలు. మీటర్లలో ఒకటిముప్పావు కంటే కొంచెం తక్కువే. ఈ లెక్క ఛాతీ 36, సీటు (పిరుదుల దగ్గర చుట్టుకొలత) 40 ఉన్నవాళ్ళకు. అంతకంటే పెద్ద కొలతకు, సీటు ఎన్ని అంగుళాలు పెరిగితే అన్ని అంగుళాలు ఒంటి ముక్కకు కలపండి.

ముక్క తీసేటప్పుడు, నూలు చీరకు అంచు దగ్గర కత్తెరతో గాటు పెట్టి, జరీ ఉన్నంత మేరా కత్తిరించి, ఒళ్ళు మాత్రం చేత్తో చించండి. నేత పోగు వెంబడే చిరుగుతుంది కాబట్టి స్కేలు కంటే సూటిగా వస్తుంది. అవతలి అంచు రాగానే ఆపి మళ్ళీ కత్తెర అందుకోండి. పోచంపల్లి బట్టకూ ఇదే పద్ధతి. జమ్దానీ పువ్వులున్న (నేతలోనే పువ్వులు వేసిన) చీరలను, పట్టునూ చించకండి.

గీత, కత్తిరింపు

ఆది జాకెట్టు తెలుసుగా, టైలరుకు కొలతకిచ్చేది. అలాగే మీకు బాగా సరిపోయే కుర్తీ ఒకటి ఆదికి పెట్టుకోండి. టేపుతో ఒంటిమీద కొలిచినదానికంటే అది నమ్మకం. సాగే బట్టతో కుట్టిన కుర్తీ మాత్రం ఆదికి పనికిరాదు, నూలు దానిలా సాగదు.

50 అంగుళాల ముక్కను 25 చొప్పున రెండు చేసి, ఒకదాని మీద ఒకటి పరిచి, కింది అంచులు రెండూ సరిగ్గా కలిసేలా గుండుసూదులు గుచ్చండి. రెంటినీ కలిపి నిలువుగా సగానికి మడిస్తే నాలుగు పొరలు, పన్నెండున్నర అంగుళాల వెడల్పు. మడత మీకు ఎడమ వైపు ఉండాలి. అంచుల దగ్గర నాలుగు పొరలూ ఒకే వరసలో ఉన్నాయో లేదో ఇంకోసారి చూడండి. ఇక్కడ పావు అంగుళం జరిగితే కుర్తీ అడుగున అంచు వంకరగా కనిపిస్తుంది, అది అందరి కంటా పడుతుంది.

కింది అంచు నుంచి పైకి, కావలసిన పొడవుకు భుజం కుట్టు కోసం అర అంగుళం కలిపి అడ్డగీత గీయండి. 42 అంగుళాల కుర్తీకి 42న్నర దగ్గర. దానికి పైనున్నది, పై అంచుతో సహా, కత్తిరించి పక్కన పెట్టండి. ఇప్పుడు మడత నుంచి మెడకు 3 అంగుళాలు, భుజానికి ఏడున్నర. ఇది 14 అంగుళాల భుజంలో సగానికి కుట్టు కలిపిన లెక్క. భుజం చివర ముప్పావు అంగుళం కిందికి దించి మెడ దాకా వాలుగీత గీయండి. అడ్డగీత నుంచి 8 అంగుళాల కింద చంక గుర్తు, అక్కడ వెడల్పు 11. ఛాతీ 36కి నాలుగంగుళాల వదులు కలిపితే 40, నాలుగో వంతు 10, కుట్టుకు ఒకటి. నడుం దగ్గర అర అంగుళం లోపలికి, సీటు దగ్గర పదకొండున్నర, అక్కణ్ణుంచి అడుగు దాకా పన్నెండున్నరకు వెడల్పు చేసుకుంటూ వెళ్ళండి. గీసింది మీ ఆది కుర్తీని మడిచి పైన పెట్టి సరిచూసుకోండి. తేడా వస్తే ఆది మాటే వినండి.

ముందు నాలుగు పొరలూ కలిపి వెనక భాగపు లెక్కన, మెడ రెండున్నర అంగుళాల లోతుతో కత్తిరించండి. తర్వాత పై ముక్కను విడదీసి, దానికి మాత్రం మెడ అయిదున్నర దాకా దించి, చంక గుండ్రాన్ని అర అంగుళం లోపలికి తవ్వండి. అదే ముందు భాగం. ఇలా తవ్వకపోతే చంక దగ్గర బట్ట కుప్పపడుతుంది. ఇంట్లో కుట్టిన కుర్తీని దూరం నుంచే పట్టించేది అదే. మెడ ఎప్పుడూ అనుకున్నదానికంటే చిన్నగా తీయండి, కుట్టు వేశాక అదే కాస్త పెద్దదవుతుంది. పెంచడం ఎప్పుడైనా కుదురుతుంది, తగ్గించడం కుదరదు.

చేతుల కోసం తీసిన 18 అంగుళాల ముక్కలో పైనా కిందా అంచులుంటాయి. ఒక చెయ్యి ఈ అంచు నుంచి, రెండోది ఆ అంచు నుంచి తీయండి. రెండు చేతులకూ అంచు వచ్చేస్తుంది, మధ్యలో మిగిలిన ముక్క మెడ పట్టీకి. రెండంచుల వెడల్పూ ఒకటేనా అని మాత్రం ముందే చూసుకోండి. కొన్ని చీరలకు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. అప్పుడు రెండు చేతులూ ఒకే అంచు నుంచి తీయాలి, చీర ఇంకో 18 అంగుళాలు పడుతుంది. చెయ్యి మధ్యకు మడిచి, మడత దగ్గర పూర్తి పొడవు ఉంచి, చంక వైపు 3 అంగుళాలు దించుతూ గుండ్రంగా గీయండి. అంచు దగ్గర వెడల్పు, మీ చేతి చుట్టుకొలతలో సగానికి అంగుళంన్నర కలిపినంత.

మెడకు అంచు పట్టీ వేద్దామని చాలామందికి కోరిక. గుండ్రటి మెడకు అది వంగదు, ముడతలు పడుతుంది. చదరపు మెడకైతే మూలల్లో మడిచి వేయొచ్చు. గుండ్రానికి క్రాస్ పీస్ కావాలి, అంటే బట్టను మూల నుంచి మూలకు, ఏటవాలుగా, అంగుళంపావు వెడల్పున కత్తిరించిన పట్టీ. జరీ మెడకు ఒరుసుకుని దురద పెడుతుంది, కాబట్టి సాదా ముక్కతో వేసిన క్రాస్ పట్టీయే నాకిష్టం.

మిషన్ మీద

నాది కాళ్ళతో తొక్కే నల్లటి మిషన్. ఏ మిషనైనా ఫర్వాలేదు. మామూలు నూలు చీరకు 14 నంబరు సూది, వెంకటగిరి లాంటి సన్న బట్టకూ పట్టుకూ 11. మొద్దుబారిన సూది పోగును చీలుస్తుంది, కొత్త కుర్తీ మొదలుపెట్టినప్పుడు కొత్త సూది పెట్టుకోండి. నూనె మిషన్ ఆయిలే వేయండి, కొబ్బరినూనె వేస్తే జిగురు పట్టి చక్రం బరువెక్కుతుంది.

మిగిలిన ముక్క మీద రెండు పొరలు పెట్టి ముందు కుట్టి చూడండి. అడుగున దారం ఉచ్చులుగా వస్తే అందరూ బాబిన్‌నే తిడతారు. చాలాసార్లు తప్పు పై దారానిది, దారాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షన్ బిళ్ళల మధ్యకు సరిగ్గా వెళ్ళి ఉండదు. బట్టను నొక్కిపెట్టే మిషన్ పాదం పైకెత్తి, పై దారం మొత్తం తీసి మళ్ళీ ఎక్కించండి. దానితోనే సర్దుకోవచ్చు.

వరస ఇది. ముందు భుజాలు కలపండి. వెంటనే మెడ పట్టీ వేసేయండి, బట్ట ఇంకా పరుచుకుని ఉంటుంది కాబట్టి అప్పుడే సులువు. పట్టీని మంచి వైపు పెట్టి పావు అంగుళం లోపల కుట్టి, గుండ్రం వెంబడి చిన్న చిన్న గాట్లు పెట్టి (కుట్టుకు తగలకుండా సుమా), లోపలికి మడిచి చేత్తో హెమ్మింగ్ చేయండి. మిషన్‌తో కూడా వేయొచ్చు కానీ మంచి నూలు మీద చేతికుట్టు కనబడదు. తర్వాత చేతులు అతకండి. చెయ్యి నడిమి మడత భుజం కుట్టుకు ఎదురుగా రావాలి, అక్కణ్ణుంచి అటూ ఇటూ కుట్టుకుపోవాలి. ఆఖరున చేతి అంచు నుంచి చంక మీదుగా సీటు దాకా ఒకే కుట్టు. ఈ కుట్టు వేయకముందు చేత్తో టాకాలు (తాత్కాలికంగా పెద్ద పెద్ద కుట్లు) వేసి ఒకసారి తొడుక్కుని, చేతులు పైకెత్తి, కూర్చుని చూడండి. టాకాలు విప్పడానికి రెండు నిమిషాలు, మిషన్ కుట్టు విప్పడానికి ఒక సాయంత్రం.

సీటు కింద కట్ (పక్కన కుట్టకుండా వదిలిన చీలిక) మొదలయ్యే దగ్గర కుట్టు వెనక్కీ ముందుకీ రెండు మూడుసార్లు వేసి గట్టిపరచండి, కుర్తీ మొదట చిరిగేది అక్కడే. కట్ అంచులు రెండుసార్లు మడిచి కుట్టండి. అడుగున జరీ అంచు మందంగా ఉంటే, మడత దగ్గర సూది విరగకుండా చక్రాన్ని చేత్తో తిప్పుతూ దాటించండి. లోపలి పోగులు ఊడకుండా పీకో షాపులో ఇంటర్‌లాక్ చేయించుకుంటే సరి. ఫాల్ కుట్టే షాపుల్లో చాలావాటిలో ఆ మిషన్ ఉంటుంది.

మిగతా బట్టలు

పాత డబుల్ బెడ్‌షీట్ ఉంటే మొదటి కుర్తీ దానితో కుట్టి కొలతలు సరిచూసుకోండి, తర్వాత చీర మీదికి రండి. గళ్ళ లుంగీలు ఇంట్లో వేసుకునే నిక్కర్లకు, పసిపిల్లల జబ్లాలకు బాగుంటాయి. మగవాళ్ళ చొక్కాలు కాలరు దగ్గరా మణికట్టు దగ్గరా చిరుగుతాయి, వీపు మాత్రం గట్టిగా ఉంటుంది. ఆ వీపు ముక్కతో చిన్నపిల్ల గౌను పైభాగం వస్తుంది. ముందు వైపు గుండీలూ కాజాలూ ఉన్న పట్టీని అలాగే ఉంచి గౌను వెనక వాడుకుంటే కాజాలు కుట్టే పనీ తప్పుతుంది.

కుర్తీ పోగా మిగిలిన చీరలో పిల్లకు పరికిణి సునాయాసంగా వస్తుంది. నడుం చుట్టుకొలతకు మూడింతల బట్ట తీసుకుంటే కుచ్చిళ్ళు నిండుగా ఉంటాయి, రెండింతలైతే పల్చగా. పొడవు ఎక్కువైతే అంచు కోయకండి. అంచుకు పైన లోపలి వైపు ఒక అడ్డమడత వేసి పెద్ద కుట్లతో కుట్టండి, ఏడాదికోసారి విప్పుతూ పోతే పిల్లతోపాటు పరికిణీ పెరుగుతుంది. మన అమ్మమ్మలు చేసిందీ ఇదే.

చీరతో వచ్చిన జాకెట్టు ముక్క చూసి, ఇదీ నేనే కుట్టేసుకుంటానని మాత్రం ఇప్పుడే అనుకోకండి. డాట్లు, క్రాస్ కటింగ్, పట్టీ, హుక్స్, పావు అంగుళం తేడా వచ్చినా ఒంటికి పట్టదు. కుర్తీలో వదులు ఉంటుంది కాబట్టి చిన్న తేడాలు కలిసిపోతాయి, జాకెట్టులో ఆ సౌకర్యం లేదు. కొన్ని కుర్తీలు కుట్టి, చంక గుండ్రం చేతికి అలవాటయ్యాక దాని సంగతి చూద్దాం. అందాకా ఆ ముక్కా, మీ ఆది జాకెట్టూ సంచిలో పెట్టి టైలరుకే ఇచ్చేయండి.